భీమవరం డాక్టరు గారి లెక్క

మన దుండిగల్ వైపు ఏ హాస్టల్ చూసినా రెండు రకాల గదులు ఉంటాయి. ఒక గదిలో కిటికీ గట్టు మీద క్రియాటిన్ డబ్బా, ప్రోటీన్ డబ్బా, పక్కన షేకర్. ఇంకో గదిలో పొద్దున బ్లాక్ కాఫీ, మధ్యాహ్నం నాలుగు కీరా ముక్కలు, రాత్రికి ఆకలి లేదనే సాకు. ఫ్రెషర్స్ డే, ట్రెడిషనల్ డే దగ్గరపడే కొద్దీ ఈ రెండో రకం గదులు పెరుగుతాయి. అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్ అని తేడా ఏం లేదు. అద్దంలో చూసుకుని, రీల్స్‌లో ఇంకెవరినో చూసి, నేను సరిపోను అనుకున్న దగ్గర మొదలవుతుంది ఇదంతా.

ఈ రెండు గదుల్లో ఉన్నవాళ్లూ తెలుసుకోవాల్సిన తెలుగాయన ఒకరున్నారు. ఆ డబ్బాలో ఉన్న క్రియాటిన్ మన కండల్లో ఏ రూపంలో పనిచేస్తుందో కనిపెట్టినవాళ్లలో ఆయన ఒకరు. తిండి ఒంటికి పట్టకపోతే మనిషి ఏమైపోతాడో సొంత ఇంట్లో చూసి, దాని సంగతి తేలేదాకా వదలని మనిషి కూడా ఆయనే. పేరు యల్లాప్రగడ సుబ్బారావు. మనలో చాలామంది ఈ పేరుని పోటీ పరీక్షల జీకే బిట్‌గా చదివి వదిలేసి ఉంటాం. ఆయన జీవితాన్ని తిండి వైపు నుంచి, మనం మనకి ఇచ్చుకునే విలువ వైపు నుంచి ఒకసారి చూద్దాం.

మూడోసారికి గట్టెక్కిన మెట్రిక్

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న పెద్ద కుటుంబం. చిన్నప్పుడు ఆయనకి చదువు మీద ధ్యాస తక్కువ, డబ్బు సంపాదించాలనే తొందర ఎక్కువ. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు.

వెంకమ్మ గారు మాత్రం చదివించి తీరాలని పట్టుబట్టారు. రాజమండ్రిలో చేర్పించారు. మెట్రిక్యులేషన్ తప్పారు. మళ్లీ రాశారు, మళ్లీ తప్పారు. చివరికి మద్రాసు వెళ్లి, హిందూ హైస్కూల్ నుంచి మూడోసారికి పాసయ్యారు. ఈలోగా తండ్రి చనిపోయారు. కొడుకు చదువు ఆగకూడదని తల్లి ఒంటి మీద నగలు వదులుకున్నారని చెప్తారు.

సప్లీ రిజల్ట్ వచ్చిన రోజు మన పరిస్థితి ఏంటో మనకి తెలుసు. రెండుసార్లు మెట్రిక్ తప్పిన కుర్రాడి పేరు ఇప్పుడు ప్రపంచంలోని బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఉంది. తప్పిన ప్రతివాడూ గొప్పవాడవుతాడని కాదు నేను చెప్పేది. ఆ రోజు వచ్చిన నంబరుకి ఆ కుర్రాడి లోపల ఏముందో తెలియదు. అది ఆ పరీక్షని మాత్రమే కొలిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, బరువు తూచే మిషన్ దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్లింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుకుంటే డాక్టరు చదువు చదివి చేయొచ్చన్న సలహాతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చులకి స్నేహితులు కొంత, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కొంత ఆదుకున్నారు. 1919లో శేషగిరి గారితో పెళ్లి అయింది.

అవి గాంధీజీ విదేశీ వస్తువులు వదిలేయమన్న రోజులు. సుబ్బారావు గారు ఖద్దరు సర్జికల్ గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా, చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరాలని ప్రయత్నించారు, కుదరలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నడిపే ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పే పనిలో చేరారు.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఆయన అమెరికా వెళ్లకముందే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు, పురుషోత్తం, కృష్ణమూర్తి, ఎనిమిది రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. తర్వాత అదే జబ్బు సుబ్బారావు గారికీ వచ్చింది. చావు దాకా వెళ్లి, లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు.

స్ప్రూ అంటే ఏంటో కొంచెం తెలుసుకోవాలి. మన చిన్నపేగు లోపలి గోడ మీద మెత్తటి పోగుల్లాంటి అమరిక ఉంటుంది. తిన్న దాంట్లోని సారాన్ని రక్తంలోకి లాగేది అదే. ఈ జబ్బులో ఆ అమరిక దెబ్బతింటుంది. మనిషి తింటూనే ఉంటాడు, ఒంటికి మాత్రం పట్టదు. విరేచనాలు, నాలుక పుండు పడటం, రక్తం తగ్గిపోవడం, నీరసం, రోజురోజుకీ చిక్కిపోవడం. కంచం ముందు కూర్చుని కూడా ఆకలితో చచ్చిపోయే జబ్బు అది.

మన దగ్గర ఇప్పుడు, అబ్బా సన్నబడ్డావే అంటే పొగడ్త. ఎందుకు సన్నబడ్డావని అడిగేవాళ్లు తక్కువ. సుబ్బారావు గారి ఇంట్లో మాత్రం మనిషి చిక్కిపోవడం అంటే భయపడాల్సిన విషయం. ఒంటికి అందాల్సింది అందకపోవడం వల్ల వచ్చే సన్నదనం అందం కాదు, లక్షణం. పేగు పాడై అందకపోయినా, మనమే నోరు కట్టుకుని అందనివ్వకపోయినా, లోపల కణానికి తేడా తెలియదు. దానికి తెలిసింది ఒకటే, రావాల్సింది రాలేదని.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామని మాట ఇవ్వడంతో, మామగారు పోగుచేసిన డబ్బుతో, సుబ్బారావు గారు 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదువు. స్కాలర్‌షిప్ లేదు. చేతిలో ఉన్నది ఎల్ఎంఎస్ కాబట్టి హాస్పిటల్లో డాక్టరుగా పనిచేసే వీలు లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ హాస్పిటల్‌లో రాత్రిపూట పోర్టరు పని చేశారు. అంటే రోగుల పాత్రలు తీయడం, కడగడం. పగలు క్లాసు, రాత్రి ఆ పని.

డిప్లొమా అయ్యాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. అక్కడ మొదట చేసింది ఒక కొలత పద్ధతి. రక్తంలో, కండలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగు ముదురుని బట్టి చెప్పే పద్ధతి. 1925లో అచ్చయింది. బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ అంటారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. ఫాస్ఫోక్రియాటిన్‌ని అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఎగిల్టన్ దంపతులు, ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా విడిగా పట్టుకున్నారు. అప్పటిదాకా కండ కదలికకి మూలం లాక్టిక్ ఆమ్లమే అనుకునేవాళ్లు. ఆ లాక్టిక్ ఆమ్లం పరిశోధనకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ కొత్త లెక్కతో ఆ వాదం పక్కకి తప్పుకుంది.

మన భాషలో చెప్పాలంటే ఏటీపీ అనేది చాలా చిన్న బ్యాటరీ. ఏ క్షణంలో చూసినా మన ఒంట్లో మొత్తం కలిపి వంద గ్రాములకి మించి ఉండదు. కానీ అది ఖర్చవుతూ, మళ్లీ ఛార్జ్ అవుతూ తిరుగుతూనే ఉంటుంది. రోజు మొత్తంలో ఇలా తిరిగే ఏటీపీని కలిపి లెక్కేస్తే దాదాపు మన ఒంటి బరువంత అవుతుందని బయోకెమిస్ట్రీ పుస్తకాలు చెప్తాయి. ఫాస్ఫోక్రియాటిన్ దాని పక్కన పెట్టుకున్న పవర్ బ్యాంక్. బస్సు వెళ్లిపోతుంటే పరిగెత్తినప్పుడు మొదటి పది సెకన్లు ఆదుకునేది అదే. ఆ తర్వాత ఛార్జింగ్ అంతా తిండి నుంచి రావాల్సిందే.

డబ్బా ఉన్న గదివాళ్లకి ఇక్కడ ఒక మాట. క్రియాటిన్ మన ఒళ్లు సొంతంగా తయారు చేసుకుంటుంది. చేపల్లో, మాంసంలో కూడా దొరుకుతుంది. పౌడర్ ఆ నిల్వని కొంచెం పెంచుతుంది, బరువులెత్తే కొద్ది సెకన్ల పనికి కొంచెం సాయపడుతుంది. అంతే. అది పవర్ బ్యాంకే కానీ కరెంటు కాదు. భోజనం మానేసి, రాత్రి మూడింటి దాకా మేలుకుని, పొద్దున ఒక చెంచా పౌడర్ కలుపుకుంటే కండ ఎక్కడినుంచి వస్తుంది?

కీరా ముక్కల గదివాళ్లకి ఇంకో మాట. మనం ఏమీ చేయకుండా మంచం మీద పడుకున్నా ఈ బ్యాటరీ తిరుగుతూనే ఉండాలి. గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. మెదడు మన బరువులో రెండు శాతమే. విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో మాత్రం అయిదో వంతు దానిదే. ఇవాళ నేను కష్టపడలేదు కాబట్టి తినే హక్కు లేదు అనుకునేవాళ్లని నేను చూశాను. ఈ లెక్క వాళ్ల కోసమే. తిండి అంటే కష్టపడి సంపాదించుకునే బహుమతి కాదు, తప్పు చేస్తే కోసేసే జీతమూ కాదు. బతికున్నందుకే ఒంటికి రావాల్సినది అది.

సగం కడుపుతో 24 వారాలు

సుబ్బారావు గారు అమెరికాలో ఉన్న రోజుల్లోనే, ఆయనతో సంబంధం లేకుండా, మిన్నెసోటా యూనివర్సిటీలో ఇంకో పరిశోధన జరిగింది. రెండో ప్రపంచయుద్ధం చివరి రోజులు. యూరప్‌లో లక్షల మంది తిండి లేక మాడుతున్నారు. అలాంటివాళ్లని మళ్లీ మామూలు చేయాలంటే ఏం పెట్టాలో తెలియాలి. యుద్ధంలో తుపాకీ పట్టబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు దీనికి ఒప్పుకుని వచ్చారు. నడిపించింది ఆన్సెల్ కీస్. 1945లో 24 వారాల పాటు వాళ్లకి అంతకుముందు తిన్న దాంట్లో దాదాపు సగమే పెట్టారు. బరువులో నాలుగో వంతు తగ్గించడమే లక్ష్యం.

బరువు తగ్గింది. దాంతోపాటు ఇంకా చాలా జరిగాయి. ఎప్పుడూ చలి. మెట్లెక్కితే ఆయాసం. జుట్టు రాలడం. చిన్న మాటకే చిరాకు, దిగులు. చదువు మీద, పని మీద మనసు నిలవదు. ఇరవై నాలుగు గంటలూ తిండి ఆలోచనే. వంటల పుస్తకాలు చదువుకుంటూ కూర్చునేవాళ్లు కొందరు. స్నేహితులకి దూరమై ఒంటరిగా ఉండిపోయేవాళ్లు కొందరు. ఒళ్లు కూడా తెలివిగా ఖర్చు తగ్గించేసుకుంది. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలయ్యాక కూడా మామూలు మనుషులు కావడానికి నెలల తరబడి పట్టింది.

వీళ్లెవరికీ ముందు నుంచి మానసిక సమస్యలు లేవు, ఏరి ఏరి తీసుకున్న గట్టి మనుషులు. సగం తిండి వాళ్లనే అంతలా మార్చేసింది. అందుకే వారం రోజులు క్రాష్ డైట్ చేసి, ఎనిమిదో రోజు రాత్రి బిర్యానీ మీద పడిపోయి, నాకు అస్సలు కంట్రోల్ లేదు అని ఏడ్చేవాళ్లకి ఒకటి చెప్పాలి. అది మీ గుణంలో లోపం కాదు. మాడ్చిన ఒళ్లు చేసే పని అదే. మినిమమ్ అటెండెన్స్ కోసం పరిగెత్తే మన బుర్రకి పొద్దున టిఫిన్ లేకపోతే ల్యాబ్‌లో కళ్లు తిరగడం కూడా అంతే.

ఆకు నుంచి వచ్చిన పేరు

మళ్లీ సుబ్బారావు గారి దగ్గరికి వద్దాం. హార్వర్డ్‌లో ఉండగా ఆయన జంతువుల కాలేయం నుంచి రక్తహీనతకి పనికొచ్చే పదార్థాలు వేరుచేసే పని మీద కూడా ఏళ్లు గడిపారు. ఏటీపీ అంత పెద్ద పని చేసినా అక్కడ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ల్యాబొరేటరీస్‌కి వెళ్లిపోయారు. కొద్దికాలానికే అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్ అయ్యారు.

అక్కడ ఆయన బృందం పట్టుకున్న పెద్ద చిక్కుముడి ఫోలిక్ ఆమ్లం. దాని కథ మన దేశంలోనే మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు కడుపుతో ఉన్నప్పుడు రక్తం లేక చనిపోతుండేవాళ్లు. తిండిలో ఏదో లోటు ఉందని ఆవిడ గుర్తించారు. ఈస్ట్ సారం ఇస్తే కోలుకుంటున్నారని చూపించారు. ఆ ఏదో ఏంటో మాత్రం తెలియలేదు. 1941లో టెక్సాస్‌లో శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఆ పదార్థాన్ని కొద్దిగా రాబట్టారు. ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాట మీదుగా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మందుగా వాడాలంటే టన్నుల పాలకూరతో అయ్యే పని కాదు. 1945-46 నాటికి సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లే బృందం దాని నిర్మాణం తేల్చి, ల్యాబులో తయారు చేసి చూపించింది.

తయారైన మందుని టామ్ స్పైస్ అనే డాక్టరు రోగులకి ఇచ్చి చూశారు. ఆ రోగుల్లో ట్రాపికల్ స్ప్రూ ఉన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లు కోలుకున్నారు. అన్నదమ్ములని తీసుకెళ్లిన జబ్బుకి పాతికేళ్ల తర్వాత ఆయన ల్యాబు నుంచే మందు వచ్చింది.

ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తం, పేగు గోడ, జుట్టు కుదుళ్లు, కడుపులో బిడ్డ, అన్నీ వేగంగా కొత్త కణాలు చేసుకునేవే. అందుకే లోటు వస్తే ముందు దెబ్బతినేవి ఇవే. దీన్నే తిరగేసి ఆలోచించి, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులని సుబ్బారావు గారి బృందం తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన ఎమినాప్టెరిన్‌ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పదహారు మందిలో పది మందికి కొంతకాలం పాటు జబ్బు తగ్గుముఖం పట్టింది. క్యాన్సర్‌కి మందులతో వైద్యం మొదలైన తొలి అడుగుల్లో అదొకటి. దాని తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. మన ఊళ్లలో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబు నుంచి వచ్చిందే.

ఆ ఫోలిక్ ఆమ్లం ఎక్కడుందో తెలుసా? మనం మెస్‌లో పక్కకి నెట్టేసే పాలకూర పప్పులో, తోటకూర వేపుడులో, శనగల్లో, పెసల్లో, పల్లీల్లో. ఎక్కువసేపు ఉడికిస్తే కొంత పోతుంది కాబట్టి ఆకుకూర మరీ మాడ్చకూడదు. రోజుకి కావాల్సింది మైక్రోగ్రాముల్లోనే. నెలకి ఇన్ని కిలోలు తగ్గిస్తామని చెప్పే ప్లాన్లు ఈ మైక్రోగ్రాముల మాట ఎత్తవు.

ఎవరి కొలత, ఎవరిది

ఇప్పుడు ఆయన జీవితం మొత్తం ఒకసారి వెనక్కి చూడండి. మెట్రిక్ తప్పాడన్నారు. ఎంబీబీఎస్‌కి తగడన్నారు. ప్రభుత్వ ఉద్యోగానికి వద్దన్నారు. హార్వర్డ్ పర్మనెంట్ చేయలేదు. ఆయన మీద కొలబద్ద పెట్టిన ప్రతిచోటా తక్కువే చూపించింది. ఆయన ఆ కొలతలు నిజమని నమ్మి తనని తాను తగ్గించుకోలేదు. అలాగని వాటిని అబద్ధమని నిరూపించడానికే బతకలేదు. తనకి ముఖ్యమైన పని ఒకటి పెట్టుకుని, రోజూ కొంచెం కొంచెంగా దాన్ని చేసుకుంటూ పోయారు.

ఆయన మళ్లీ ఇండియాకి రాలేదు. తల్లి, భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. అమెరికా పౌరసత్వం కూడా తీసుకోలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, గుండెపోటుతో నిద్రలోనే చనిపోయారు. 1995లో మన ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలా బిళ్ల వేసింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీద సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. విరామం లేకుండా ల్యాబులోనే గడిపిన మనిషి ఆయన. ఆ ఒక్క అలవాటు మాత్రం మనం నేర్చుకోనక్కర్లేదు. ఒంటికి విశ్రాంతి కూడా తిండిలాగే రావాల్సినదే.

మనల్ని కొలిచేవాటిలో సీజీపీఏ ఒకటి, ప్యాకేజీ ఒకటి, లైకులు ఒకటి, బరువు మిషన్ ఒకటి. బరువు మిషన్ చెప్పేది భూమి మనల్ని ఎంత గట్టిగా లాగుతోందన్నది మాత్రమే, ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్ అది. అందులో ఎముక ఎంత, కండ ఎంత, నీళ్లెంత అన్నది కూడా అది చెప్పదు. మనిషి ఎలాంటివాడో అస్సలే చెప్పదు. బరువు నిజంగా ఆరోగ్యానికి ఇబ్బంది అయితే దాని దారి వేరే ఉంది. డాక్టరుని కలవడం, తినే తీరు మెల్లగా మార్చుకోవడం, ఒళ్లు కదిలించడం. తనని తాను అసహ్యించుకోవడం ఆ దారిలో ఎక్కడా లేదు.

ఇక అలవాట్ల సంగతి. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాద్ వచ్చింది. వాళ్లు చెప్పే కంచం చాలా సింపుల్. దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు. మిగతా సగంలో అన్నమో రొట్టో, పప్పు, గుడ్డో మాంసమో, కొన్ని గింజలు, పెరుగు. హాస్టల్‌లో ఇది అసాధ్యమేం కాదు. పొద్దున మెస్ మూసేలోపు లేచి రెండు ఇడ్లీలైనా సాంబారుతో తినండి. మధ్యాహ్నం పప్పు ఇంకో గరిటె వేయించుకోండి. రూములో చిప్స్ బదులు వేయించిన శనగలు, పల్లీపట్టీ పెట్టుకోండి. సాయంత్రం ఎండ తగ్గాక గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు నడవండి, అద్దం కోసం కాదు, నిద్ర బాగా పడుతుంది. మిర్చి బజ్జీ తినాలనిపిస్తే తినండి. తిన్నందుకు రాత్రి భోజనం మానేసి శిక్ష వేసుకోకండి.

కొన్ని విషయాలు మాత్రం లైట్ తీసుకోకూడదు. తిన్నది కావాలని వాంతి చేసుకోవడం. తినడానికి భయపడటం. తరచూ కళ్లు తిరగడం. అమ్మాయిలకి నెలసరి ఆగిపోవడం. రోజంతా కేలరీల లెక్కలోనే మునిగిపోవడం. ఇవి డైట్ కాదు, జబ్బు. జబ్బుకి వైద్యం ఉంటుంది. డాక్టరుని కలవాలి, లేదా కాలేజీ కౌన్సెలర్‌తో మాట్లాడాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

మనందరం చేయగలిగిన చిన్న పని ఇంకోటుంది. ఎవరి ఒంటి మీదా కామెంట్ చేయకుండా ఉండటం. లావయ్యావనే కాదు, సన్నబడ్డావు సూపర్ అని కూడా అనకుండా ఉండటం. దాని వెనక ఎన్ని పూటల ఆకలి ఉందో మనకి తెలియదు. ఫ్రెండు వరసగా మెస్‌కి రావడం లేదని గమనిస్తే, క్లాసు పీకకుండా, పద తినొద్దాం అని తీసుకెళ్లండి. పక్కన కూర్చుని తినండి. ఆ పూట పాలకూర పప్పు ఉంటే ఇంకో గరిటె వేయించండి.